మునిగే గోడకు ఎర్రమట్టి

ఈ పరాయి దేశంలో మేముండే ఎడ్మండ్‌సన్ పార్క్‌కు కాస్త దూరంలో, తొలినాళ్ళలో వలస వచ్చిన రైతులు కట్టుకున్న పాత ఇల్లు ఒకటుంది. నిన్న మా అమ్మాయిని తీసుకుని చూడటానికి వెళ్ళాను. లోపలి గోడ మట్టిదే, గడ్డి కలిపి మెత్తారు. వాన తడికి ఆ మట్టి వాసన తగలగానే నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు.

మన వీధివాళ్ళారా, మన ఊరు గుర్తుందా? ప్రాజెక్టు నీళ్ళు వస్తాయని అందరం ఇళ్ళు విప్పుకున్న ఆ వేసవి గుర్తుందా? తలుపులు, దూలాలు, చివరికి గడపలు కూడా ట్రాక్టర్లెక్కాయి. మేం బయలుదేరే రోజు పొద్దున మా అవ్వ మాత్రం తట్టలో ఎర్రమట్టి కలుపుకుని, మిగిలిన మొండిగోడకు పూస్తూ కూర్చుంది.

"మునిగిపోయే గోడకు ఇదంతా ఎందుకమ్మా? ట్రాక్టరు నిలబడుకోనుంది," అన్నాడు నాన్న.

"మనిషి పోతే నీళ్ళు పోసి పంపుతాం గదరా. ఇంటికి చేయగూడదా?" అంది అవ్వ.

నాన్న పక్కన కూర్చుని మట్టి అందించాడు.

ఇది చెబితే మా అమ్మాయి, "విచ్ వే డిడ్ యువర్ హౌస్ ఫేస్, నాన్నా?" అని అడిగింది. ఇంటికొచ్చి ఫోన్ చేస్తే అక్క తూర్పంది, అన్న ఉత్తరమన్నాడు. ఇద్దరూ ఆ వాకిట్లో ఆడుకున్నవాళ్ళే. నీళ్ళు తగ్గినా అక్కడిప్పుడు ఒండ్రు తప్ప ఏమీ కనబడదట.

నిన్నటి నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. మన వీధివాళ్ళెవరైనా ఇది చదివితే చెప్పండి. మా వాకిలి ఎటు ఉండేది?