బ్యాకప్ డిస్కూ, నా వంతు ఆటా

ఆ రోజుల్లో మా ఇంట్లో ఏ వస్తువూ తను ఏ పనికి పుట్టిందో ఆ పని చేసేది కాదు. మిర్యాలగూడలో మోటార్ వైండింగ్ షాపు వాళ్ల ఇల్లంటే అంతే మరి. ముందు గది షాపు, వెనక రెండు గదులు మా సంసారం, షాపులో మిగిలిపోయిందల్లా ఇంట్లోకి వచ్చేది. కూలర్‌లో తిరిగేది రైస్ మిల్లు వాళ్లు పారేసిన ఎగ్జాస్ట్ ఫ్యాను. అమ్మ మిక్సీకి స్విచ్చు పాడైతే నాన్న దానికి బోరు మోటారు స్టార్టరు బిగించాడు (పచ్చ బటన్ నొక్కితే అల్లం నలిగేది, ఎర్ర బటన్ నొక్కితే ఆగేది, కొత్తగా వచ్చిన చుట్టాలు మా వంటింట్లోకి రావడానికి జంకేవాళ్లు). అలాంటి ఇంట్లో పెరిగిన పిల్లలకు ఒక వస్తువును కంపెనీ వాడు చెప్పినట్టే వాడాలన్న జ్ఞానం ఎక్కడి నుంచి వస్తుంది? ఇప్పుడు ఆ షాపు నేనే నడుపుతున్నాను. ఎవరైనా సొంత తెలివితో మోటారు విప్పి, కాల్చుకుని తెస్తే బాగానే తిడతాను కూడా. తిట్టేటప్పుడు మాత్రం ఆ వేసవి గుర్తొచ్చి నోరు కాస్త తగ్గుతుంది.

నాకప్పుడు పద్నాలుగేళ్లు. అన్న ఇంటర్మీడియట్. సూర్యాపేట బస్టాండు దగ్గర మా మేనమామకు వీడియో గేమ్ పార్లర్ ఉండేది. పిల్లలంతా ఇంటర్నెట్ సెంటర్లకు మళ్లేసరికి దాన్ని మూసేసి సెల్‌ఫోన్ల షాపు పెట్టాడు. మిగిలిన ఒక బూడిదరంగు గేమ్ డబ్బాను మా ఇంట్లో పెట్టి, "కొనేటోడు దొర్కెదాక ఆడుకోండ్రి, పాడుచేస్తె మాత్రం తోలు తీస్త" అని చెప్పి పోయాడు. దానితోపాటు ఇచ్చింది ఒకే ఒక్క డిస్కు, కార్ల రేసు. నాలుగు రోజుల్లో ఆ కార్లంటే అన్నకు మొహం మొత్తింది. (నాకు మొత్తలేదు. మొత్తడానికి నేను ఆడితే కదా! కంట్రోలర్ అన్న చేతిలోంచి అన్న దోస్తు చేతిలోకి, అక్కడి నుంచి మళ్లీ అన్న చేతిలోకి తిరిగేది. ఆ దోస్తును మేము 'రిమోట్' అనేవాళ్లం, ఎవరింటికి వెళ్లినా టీవీ రిమోట్ వాడి చేతిలోనే ఉండేది కాబట్టి.)

కోదాడలో ఒక కంప్యూటర్ షాపులో ఆటల డిస్కులు కాపీ చేసి ఇస్తారని రిమోట్ కనుక్కొచ్చాడు. ఇద్దరూ బస్సెక్కి పోయి మోటార్ సైకిళ్ల రేసు ఒకటి పట్టుకొచ్చారు. తెల్లటి డిస్కు మీద స్కెచ్ పెన్నుతో 'బైక్' అని రాసి ఉంది. నాన్న దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "ఏందిరా ఇది, దొంగ డిస్కా?" అన్నాడు. అన్న నొచ్చుకుని, "దొంగది కాదు నాయినా, బ్యాకప్" అన్నాడు. బ్యాకప్ అంటే అసలుది పాడైతే పనికొచ్చేందుకు దాచుకునేదని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. మా దగ్గర అసలుది ఎన్నడూ లేదు. లేని వస్తువుకు బ్యాకప్ పెట్టుకున్న ఇల్లు ఆ బజారులో మాదొక్కటే. ఇంతకీ ఆ డిస్కు వేస్తే టీవీలో నల్లటి తెర తప్ప ఏమీ రాలేదు. మళ్లీ కోదాడ పోయి అడిగితే షాపాయన, "చిప్పు ఏయించలేదా మరి? చిప్పు లేకపోతే ఎట్టా ఆడుద్దండీ?" అన్నాడట. కాపీ డిస్కులను కూడా ఒప్పుకునేలా డబ్బా లోపల అతికించే ఆ చిప్పు వేయించాలంటే హైదరాబాద్ పోవాలి. వీళ్ల మొహాలు చూసి జాలిపడి ఆయనే ఒక ఉపాయం చెప్పాడు.

ఆ ఉపాయం వింటే సులువే. డబ్బా మూత కింద ఒక చిన్న బటన్ ఉంటుంది. మూత మూస్తే అది నొక్కుకుంటుంది, తీస్తే డిస్కు ఆగిపోతుంది. కాబట్టి మూత తెరిచే ఉంచి, ఆ బటన్‌ను మాత్రం దేనితోనైనా నొక్కిపట్టాలి. ముందు కంపెనీ డిస్కు, అంటే మామ ఇచ్చిన కార్ల డిస్కు, పెట్టి ఆన్ చేస్తే అది గిర్రున తిరుగుతుంది. డబ్బా దాన్ని పరీక్షించి, ఇది మన కంపెనీదే అని నమ్మాక ఒక్క క్షణం నెమ్మదిస్తుంది. సరిగ్గా ఆ క్షణంలో, తిరుగుతున్న డిస్కును లాగేసి కాపీ డిస్కు పెట్టేయాలి. ముందైతే డబ్బా ఒప్పుకోదు, తర్వాతైతే తెర నల్లబడుతుంది.

అన్నా రిమోటూ బటన్ మీద మొదట అగ్గిపుల్ల పెట్టారు, అది జారిపోయింది. రబ్బరు ముక్క పెట్టారు, అది డిస్కుకు రాసుకుని కాలిన వాసన వచ్చింది. పెన్ను రీఫిల్ మీద ఉండే స్ప్రింగు పెట్టారు, అది ఎగిరి ఎక్కడ పడిందో ఇప్పటికీ తెలియదు. ఇక డిస్కు మార్చడమైతే ఘోరం. రిమోట్ పెట్టిన కాపీ డిస్కు కుదురుకోక గాల్లోకి లేచి వాడి గడ్డానికే తగిలింది. అమ్మ తడి చేతులతో పరుగెత్తుకొచ్చి, "ఓరి దేవుడా! కండ్లు పోగొట్టుకుంటర్రా మీరు!" అని ఇద్దరినీ తిట్టింది. షాపులోంచి ఆ చప్పుడు విన్న నాన్న తల కూడా తిప్పకుండా, "దాని బేరింగు పోయింది" అన్నాడు. ఆయనకు లోకంలో ఏది మూలిగినా బేరింగే.

మూడో రోజు అన్న నా దగ్గరికి వచ్చాడు. కారణం నా వేళ్లు. టేబుల్ ఫ్యాన్ల వంటి చిన్న మోటార్లలో రాగి తీగ కూర్చాల్సిన సందులు మరీ ఇరుకు, నాన్న వేళ్లు పట్టవు. అందుకని సెలవులొస్తే ఆ పని నాదే. "చెల్లె, నీ వేళ్లు సన్నగుంటయ్ గద, జర ఈ డిస్కు మార్చు. నడిస్తె ఫస్ట్ ఆట నీదే, అమ్మతోడు" అన్నాడు. ఫస్ట్ ఆట! నేను వెంటనే లేచాను. తీగ సందులోంచి జారకుండా మేము వెదురు పుల్ల చెక్కి దిగ్గొడతాం. అలాంటి పుల్లే ఒకటి సన్నగా చెక్కి బటన్ మీద బిగిస్తే కదలకుండా కూర్చుంది. ఇక ఆ క్షణం ఎప్పుడొస్తుందో కనిపెట్టడం మిగిలింది. నాన్న ఏ మోటారునైనా స్క్రూడ్రైవర్ కొన దాని మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వింటాడు. లోపల ఏమవుతోందో ఆ ఇనుము చెప్పేస్తుంది. నేనూ అలాగే గేమ్ డబ్బాకు స్క్రూడ్రైవర్ ఆనించి విన్నాను. రిమోట్ పడీ పడీ నవ్వాడు, "డాక్టరమ్మా, దీనికి జరమొచ్చిందా?" అని. నవ్వనీ. పది పదిహేనుసార్లు విన్నాక డిస్కు స్వరం తగ్గే చోటు నాకు దొరికింది. లాగాను, పెట్టాను. తెర మీద బైకు బొమ్మ వచ్చింది.

వాళ్లిద్దరూ వేసిన కేకకు పక్కింటి వాళ్లు కూడా వచ్చారు. నేను చెయ్యి చాపాను. అన్న కంట్రోలర్ పట్టుకుని, "జర ఆగు చెల్లె. నీకు రాదు గదా, ఫస్ట్ సూసి నేర్సుకో" అన్నాడు. సాయంత్రం దాకా చూసి నేర్చుకున్నాను, తర్వాత కరెంటు పోయింది. మరునాడూ అదే కథ. ఈలోగా వార్త పాకి మా గదిలోకి ఎనిమిది మంది మగపిల్లలు చేరారు. పొద్దున్నే నన్ను పిలవడం, నేను డిస్కు మార్చడం, "ఇగ నువ్వు పో చెల్లె" అనడం. నాకు కడుపు మండిపోయింది. సమ్మె చేశాను. రెండు రోజులు డిస్కు ముట్టుకోలేదు. స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని రిమోట్ ప్రయత్నించాడు కానీ, వాడికి తన గుండె చప్పుడు తప్ప ఏమీ వినపడలేదట. చివరికి అందరూ కాళ్లావేళ్లా పడి, మిరపకాయ బజ్జీలు తెచ్చి, ఒట్లు పెట్టుకున్నారు. నేను కరిగి డిస్కు మార్చాను. అన్న నా వైపు ఒకసారి, ఆ ఎనిమిది మంది వైపు ఒకసారి చూశాడు. ఎవడో వెనక నుంచి, "ఆడివిల్లకేం వస్తదిరా, టైం ఖరాబు" అన్నాడు. అన్న కంట్రోలర్ వాడికే ఇచ్చాడు. బజ్జీలు అప్పటికే తినేశాను, లేకపోతే వాళ్ల మొహాన కొట్టేదాన్ని.

ఆ శనివారం మేనమామ ఫోన్ చేశాడు. తిరుమలగిరిలో ఎవరో కొంటామన్నారట, సోమవారం పొద్దున వచ్చి డబ్బా తీసుకుపోతానన్నాడు. అంటే ఆదివారం ఒక్కటే మిగిలింది. ఆ రోజు ఆడకపోతే ఇక జన్మలో ఆడను. అమ్మానాన్నలు చిలుకూరులో ఎవరిదో తొట్టెల ఫంక్షన్‌కు పోయారు. మధ్యాహ్నం అన్న గ్యాంగు కూడా మిల్లు వెనక మైదానంలో క్రికెట్ మ్యాచ్‌కు పోయింది. నేను తలుపు గడియ పెట్టాను. సొంత ఇంట్లో దొంగలా అడుగులు వేశాను. తొందరలో రెండుసార్లు తప్పి, మూడోసారి బైకు బొమ్మ వచ్చింది. కంట్రోలర్ ఒడిలో పెట్టుకున్నాను. అది ఇంకా అన్న చేతి చెమటతో జిగటగా ఉంది, అయినా నాకు అది కిరీటం కన్నా ఎక్కువే.

ఇక ఆట సంగతి. మొదటి మలుపులో గోడకు గుద్దాను. మళ్లీ మొదలుపెట్టి అదే గోడకు గుద్దాను. ఒకసారి గోడ తప్పించుకుని వెనక్కి తిరిగి వచ్చిన దారినే పోయాను. "తిరుగవే, తిరుగు, నీకు పుణ్యముంటది" అని బైకును బతిమాలాను, తర్వాత తిట్టాను, తర్వాత కాసేపు ఏడ్చాను. రెండు వారాలు చూసి నేర్చుకున్నదంతా వేళ్లలోకి రావడానికి ససేమిరా అంది. రేసు ఒక్కసారి పూర్తిచేశాను, అందరికన్నా చివర. కానీ నిజం చెప్తున్నాను, అంత సంతోషం నాకు పదో తరగతి ఫస్ట్ క్లాసులో పాసైనప్పుడు కూడా కలగలేదు. ఎవరూ ఆగమనలేదు. గుద్దింది నేనే, లేచింది నేనే. పొద్దు వాలేదాకా ఆడి, అంతా సర్దేశాను. అన్న వచ్చాక ఉండబట్టలేక, "నేను ఆడిన. మూడు రౌండ్లూ గెలిచిన" అని పచ్చి అబద్ధం చెప్పాను. అన్న ఒక్క క్షణం నా మొహం చూసి "శాబాష్" అన్నాడు. అంతటితో ఆగలేదు, బజారంతా చెప్పాడు. సోమవారం మామ వచ్చి డబ్బా తీసుకుపోయాడు. నేను గెలిచిన పేరు మాత్రం మా ఇంట్లోనే ఉండిపోయింది.

ఇప్పుడు అన్న మఠంపల్లి దగ్గర ఒక సిమెంట్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. మొన్న వాళ్లింటికి పోతే అన్న కూతురు కొత్త గేమ్ ముందు కూర్చుని ఉంది. "మీ అత్తమ్మకు ఇయ్యి బిడ్డా, చాంపియన్" అన్నాడు అన్న. ఇన్నేళ్ల పేరు, ఎట్లా కాదంటాను? తీసుకున్నాను. మొదటి మలుపులోనే గోడకు గుద్దాను. పిల్ల నవ్వలేక కిందపడింది. అన్న టీ గ్లాసులోంచి తల ఎత్తకుండా, "అప్పుడు గూడ గిట్లనే గుద్దినవ్" అన్నాడు.

"ఎప్పుడు?"

"ఆ ఆదివారం. బ్యాటు మర్సిపోయి ఎనక్కొచ్చిన. కిటికీలకెళ్లి సూసిన. గోడకు గుద్దుకుంట, బైకును తిట్టుకుంట కూసున్నవ్."

"మరి లోపటికెందుకు రాలే?"

"నేనొస్తె నువ్వు లేస్తవ్ గద."

బ్యాటు తీసుకోకుండానే తిరిగి పోయి, అది ఇరిగిందని గ్యాంగుకు చెప్పాడట. ఆ రోజు వాళ్లు తిట్టిన తిట్లు నీకేమెర్క అన్నాడు. ఎవరైనా మా ఇంటి వైపు కదిలితే ఏదో ఒకటి చెప్పి ఆపుతూ, పొద్దు వాలేదాకా అందరినీ ఆ మిల్లు గోడ నీడలో కూర్చోబెట్టాడట. నాకు కళ్లు చెమ్మగిల్లాలి, న్యాయంగా. నాకు వచ్చింది మాత్రం కోపం. "అంటే అది నేను గుంజుకున్న వంతు కాదా? నువ్విచ్చిందా? దొంగతనం గూడ నన్ను సొంతంగ చెయ్యనియ్యకపోతివి!" అన్నాను. అన్న గ్లాసు కింద పెట్టి, "అందరి ముంగట ఇయ్యనీకి నాకు దమ్ము లేకుండె చెల్లె" అన్నాడు. పిల్ల మమ్మల్ని మార్చి మార్చి చూసి టీవీ సౌండు తగ్గించింది.

బస్సు ఎక్కేటప్పుడు అన్నకు గట్టిగానే చెప్పాను, ఇంకోసారి నాకేదన్నా ఇచ్చేదుంటే పది మంది ముంగటనే ఇయ్యమని. సరేనని తలూపాడు. కోపం హుజూర్‌నగర్ దాటేదాకా తగ్గలేదు. తగ్గాక కిటికీ పక్కన నాకు నేనే నవ్వుకున్నాను. నలభై దగ్గరపడుతున్న దాన్ని, పద్నాలుగేళ్ల పిల్ల తరఫున కొట్లాడి వస్తున్నాను. ఆ పిల్ల సంతోషించిందనే అనుకుంటున్నాను.