రెక్కకు అవతలివైపు

వెర్లిన్ టోస్రుడ్ తాత తన విమానాన్ని ఇంటి గ్యారేజీలో పదకొండేళ్ళు కట్టాడు. తీరా బయటికి తీసే రోజున అది తలుపులోంచి రాదని తేలింది. గోడ పగలగొట్టారు. ఈ సంగతి తాత ఎప్పుడూ చెప్పడు. ఆయన తరఫున ఊరంతా చెబుతుంది.

విస్కాన్సిన్‌లో మొక్కజొన్న చేల మధ్య, గడ్డి రన్‌వే పక్కన ఒక రేకుల షెడ్డులో ఉంటుందా విమానం. పసుపు రంగు, రెండు సీట్లు, ముందొకటి వెనకొకటి. రెక్కల లోపల చెక్క పక్కటెముకలు, వాటిమీద బిగించిన బట్ట. కిందటి వేసవిలో వడగళ్ళు పడి ఎడమ రెక్క బట్ట జల్లెడయింది. దాన్ని ఒలిచి కొత్త బట్ట వేసే పనిలో తాతకి చలికాలమంతా గడిచిపోయింది.

బట్ట అతికించి ఇస్త్రీపెట్టెతో బిగించడం ఒక్కడే చేసుకోవచ్చు. చిక్కంతా కుట్టుతోనే. రెక్కని అంచుమీద నిలబెట్టి, మూరెడు సూదికి మైనపు దారం ఎక్కించి, బట్టని ప్రతి పక్కటెముకకీ కట్టాలి. ఇవతలివాళ్ళు సూది పొడిస్తే అవతలివాళ్ళు అందుకుని వెనక్కి పొడవాలి. ఇద్దరి పని. మొదటిసారి అవతల నిలబడింది ఆర్డిస్ మామ్మ. సూది అందినప్పుడల్లా "వచ్చింది" అనేది. సూది పంపే ముందు మాత్రం రెక్కకున్న చిన్న కిటికీలో టార్చి పెట్టి లోపలికి తొంగిచూసేది.

"ఏమే, లోపల పిచ్చుకలేమన్నా గూడు పెట్టాయా?" అనేవాడు తాత.

"పెట్టాయి. పిల్లలు కూడా నీలాగే నోరు మూయట్లేదు. నువ్వు సూది పంపించవయ్యా."

నడుం నొప్పెట్టి కాసేపు వంగుతోందనుకునేవాడాయన. ఆమె పోయి రెండు చలికాలాలైంది.

పక్క షెడ్డు ఎల్డన్ యాన్కెది. నలభై ఏళ్ళ స్నేహం, దాంట్లో సగం తగువులే. ఫిబ్రవరిలో ఓసారి తలుపు దగ్గర నిలబడి అడిగాడు.

"ఒరేయ్ వెర్లిన్, అటువైపు నన్ను నిలబడమంటావా?"

"నీ చేతులు ట్రాక్టరుకి పనికొస్తాయి గానీ బట్టకెందుకురా?"

"అయితే దయ్యాలతో కుట్టించుకో" అని ఎల్డన్ వెళ్ళిపోయాడు. ఆ మాట తప్పని వాడికి దారిలోనే తెలిసినట్టుంది. ఓ పొట్లం చీజు తెచ్చి గుమ్మంలో పెట్టి మళ్ళీ పోయాడు.

తాత ఒక్కడే కుట్టాడు. సూది ఇటు పొడవడం, రెక్క చుట్టూ తిరిగి అటు వెళ్ళడం, లాగి మళ్ళీ పొడవడం, తిరిగి ఇటు రావడం. ఒక్కో ముడికి ఒక్కో ప్రదక్షిణ. మోకాళ్ళు కీచుమనేవి. మొదటి వారం అటు వెళ్ళి సూది పట్టుకున్నప్పుడల్లా తానే "వచ్చింది" అనేవాడు. తర్వాత మానేశాడు. ఖాళీ షెడ్డులో ఆ మాట మరీ గట్టిగా వినిపించేది.

కుట్టు అయింది. పట్టీలు, పూతలు, పసుపు రంగు అన్నీ అయ్యాయి. జూలై వచ్చేసరికి రెక్క విమానానికి ఎక్కింది. ఇక తనిఖీ ఒక్కటే మిగిలింది. కట్టినవాడే ఏటేటా తనిఖీ చేసుకుని, ఎగరడానికి బాగుందని లాగ్‌బుక్కులో సంతకం పెట్టుకోవచ్చు. ఆ హక్కు కాగితాన్ని తాత పెళ్ళి ఫోటో పక్కనే ఫ్రేము కట్టించాడు. ఫోటో కంటే ఫ్రేమే పెద్దదని మామ్మ చనిపోయేదాకా దెప్పింది.

సంతకానికి తొందర ఉంది. పదిరోజుల్లో ఆదివారం, పక్క ఊరి రన్‌వే దగ్గర ప్యాన్‌కేకుల, అంటే తియ్యటి అట్ల, విందు. ఇరవైరెండేళ్ళుగా తాత ఒక్క ఏడూ తప్పలేదు. వెళ్ళడమంటే ఎగిరి వెళ్ళడమే. కిందటేడు వెనక సీటు ఖాళీగా పెట్టుకుని కూడా వెళ్ళాడు.

కాక్‌పిట్‌లో కూర్చుని, విమానాన్ని తిప్పే కర్రని ఎడమకి వంచాడు. ఎడమ రెక్క చివర పలక లేచింది. కుడికి వంచాడు, దిగింది. బాగానే ఉంది. మళ్ళీ వంచుతూ రెక్కవైపు చూశాడు. మూడో పక్కటెముక దగ్గర బట్టమీద చిన్న సొట్ట పడి, మళ్ళీ సర్దుకుంది. బుగ్గమీద సొట్టలాగే.

తాత దిగాడు. కిటికీ మూత తీసి టార్చి పెట్టి తొంగిచూశాడు. పలకని కదిపే ఉక్కుతీగ లోపల పక్కటెముక పక్కనుంచే పోతుంది. మైనపు దారం దాన్ని కూడా కలిపి చుట్టేసింది. ఒకచోట కాదు, రెండు చోట్ల.

వంగిన నడుం అలాగే ఉండిపోయింది. టార్చి, కిటికీ, తొంగిచూడటం. ఆమె చూసింది దీన్నే. ప్రతి సూదికీ చూసింది. ఒక్కసారి చెబితే ఏం పోయేది? చెప్పే ఉంటుంది. ఇంజను శబ్దం కాదుగా, తాత విని ఉండడు.

కర్ర కదులుతూనే ఉంది. ఎవరికీ తెలియదు. పది మైళ్ళే ప్రయాణం. తీగ రాసుకుని రాసుకుని దారం తెగిపోయినా మంచిదే. తెగకుండా ముద్దకట్టి, గాల్లో ఉండగా తీగని పట్టేస్తే? లాగ్‌బుక్కు తెరిచాడు. పెన్ను మూత తీశాడు. వెనక సీటు వైపు చూసి మూత పెట్టేశాడు.

చాకు తెచ్చి, మెరుస్తున్న కొత్త పసుపు రంగుమీద పెట్టి కోశాడు.

ఆదివారం పికప్ ట్రక్కులో వెళ్ళాడు. ఎగిరి వచ్చిన పైలట్లకి అట్లు ఉచితం, రోడ్డుమీద వచ్చినవాళ్ళు డబ్బులివ్వాలి. బల్ల దగ్గర కూర్చున్నామె ఆయన్ని చూసి అలవాటుగా పైలట్ల చీటీ తీసింది.

"లేదమ్మా. ఇవాళ డబ్బులు తీసుకో."

వెనక వరసలోంచి ఎవరో అరిచారు. "ఏం వెర్లిన్, ట్రక్కుని ఏ రన్‌వే మీద దించావ్?"

అందరూ నవ్వారు. తాత కూడా నవ్వాడు, ఒక క్షణం ఆలస్యంగా. పళ్ళెం పట్టుకుని పొడుగు బల్ల చివర కూర్చున్నాడు. పక్క కుర్చీమీద టోపీ పెట్టాడు. ఏటా అది మామ్మకి చోటు పట్టే పద్ధతి. పెట్టాక గుర్తొచ్చింది, తీయలేదు. తలమీదుగా విమానాలు ఒక్కొక్కటే దిగుతుంటే, ఏది ఎవరిదో చూడకుండానే చెప్పుకుంటూ అట్లు చల్లారేదాకా తిన్నాడు.

ఎల్డన్ కాఫీ కప్పుతో వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. టోపీని చూశాడు. ఆ కుర్చీ వదిలేసి ఇంకోటి లాక్కున్నాడు.

"తప్పు కుట్టాన్రా" అన్నాడు తాత. "తీగని కలిపేసి కుట్టాను. కోసేశాను."

ఎల్డన్ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేదనిపించింది తాతకి.

"రేపు పొద్దున రానా?"

"రా."

"అటువైపు నిలబడి ఏం చెయ్యాలి? సూది వెనక్కి పొడవడమేగా?"

"అది తర్వాత" అన్నాడు తాత. "ముందు టార్చి పెట్టి లోపలికి చూడాలి. ప్రతిసారీ చూడాలి. నేను వెక్కిరిస్తాను, అయినా చూడాలి."