జీడిపప్పుతో పరీక్ష పెట్టి కొన్న కెమెరా

మా చిన్నప్పుడు... కెమెరా కొనడానికి నాన్న జీడిపప్పు పట్టుకుని షాపుకి వెళ్ళారు. నవ్వకండి, నిజం.

రీలు కెమెరాలు మూలపడి, అరచేతిలో ఇమిడే డిజిటల్ కెమెరాలు మా కాశీబుగ్గ షాపుల్లోకి అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. కార్తీక మాసం పిక్నిక్కుకి అక్కుపల్లి బీచ్‌కి వెళ్ళేలోగా ఒకటి కొనాలని నాన్న పట్టు. చవకలో ఉండాలి, కానీ మంచిదై ఉండాలి. ఎందుకంటే మా ఇంట్లో అమ్మ ఫోటో లేదు.

అంటే... పెళ్ళిఫోటో ఉంది. అందులో అమ్మే లేదు! మా అమ్మది చామనచాయ కంటే ఇంకో పిసరు ముదురు రంగు. ఆ స్టూడియో ఆయన పెళ్ళికూతురి మీద అభిమానం కొద్దీ మొహానికి సున్నం కొట్టినట్టు తెల్లగా దిద్దేశాడు. ఆల్బం చూసినవాళ్ళంతా "ఈ పిల్లెవర్తే?" అని అమ్మనే అడిగేవారు. దాంతో అమ్మకి ఫోటో అంటేనే విరక్తి. ఎవరైనా కెమెరా తీస్తే చాలు, పొయ్యి మీద ఏదో మాడుతోందంటూ లోపలికి తుర్రుమనేది.

నన్ను చూసి అందరూ "అచ్చం అమ్మ పోలికే" అనేవారు... ఆ పోలిక కోసం ఫోటోలో ఎంత వెతికినా దొరికేది కాదు. నాకు ఏడుపొచ్చేది.

షాపుకి నాన్న, నేను, టెక్కలి నుంచి వచ్చిన గోపి మావయ్య వెళ్ళాం. ఆయన అమ్మ తమ్ముడు. ఆయనకి తెలియని విషయం ఈ భూమ్మీద లేదు... అని ఆయన నమ్మకం.

"బావా, ముందు మెగాపిక్సెల్ సూడాలి. తర్వాత జూమ్. సముద్రంలో పడవ మీదున్నోడి మీసం కూడా కనపడాలి."

"ఆడి మీసంతో నాకేటి పనిరా?" అన్నారు నాన్న.

నాన్నది జీడిపప్పు వ్యాపారం. జేబులో ఎప్పుడూ ఒక మచ్చు పొట్లం ఉండేది. విరగని తెల్లటి గుండుపప్పు, పసుపు తిరిగిన బద్ద, మాడిన పప్పు... రంగును బట్టే ధర కదా, ఆయన కళ్ళు దేన్నయినా ముందు రంగే చూసేవి. కౌంటర్ మీద పొట్లం విప్పి, పప్పు పరిచి, "వీటిని ఫోటో తియ్యండి" అన్నారు. షాపాయన మమ్మల్ని ఎగాదిగా చూసి... ఒక గుండుపప్పు నోట్లో వేసుకుని, మిగతావాటిని ఫోటో తీశాడు.

మొదటి కెమెరాలో అన్నీ మల్లెమొగ్గల్లా వచ్చాయి.

"సూడండి షావుకారు గారూ, ఎంత తెల్లగా వచ్చాయో!" అని షాపాయన మురిసిపోయాడు.

"మాడిందేదీ మరి? ఇది అబద్ధాలు సెప్తంది బాబూ. ఇంకోటి తియ్యి."

రెండోదాంట్లో అన్నీ పసుపు పూసుకున్నాయి. ఇంకోదాంట్లో ఎర్రగా వచ్చాయి. మావయ్య సిగ్గుతో బయటికెళ్ళి రోడ్డు మీద నిలబడ్డాడు. చివరికి షాపాయన ఎవరూ అడగని ఒక వెండిరంగు కెమెరాని మూల నుంచి తీశాడు. అందులో తెల్లది తెల్లగా, మాడింది మాడినట్టే వచ్చింది. నాన్న ఒక్కో గింజనీ తెర పక్కన పెట్టి సరిచూసి "ఇదియ్యండి" అన్నారు. "బావా! దీనికి జూమే లేదు!" అని మావయ్య లోపలికి పరిగెత్తుకొచ్చి మొత్తుకున్నా వినలేదు.

మావయ్య మాట మరీ కొట్టిపారేసేది కాదులెండి. జూమ్ లేకపోగా ఆ కెమెరా పెన్సిల్ సెల్స్‌ని బకాసురుడిలా మింగేది. పిక్నిక్కులో, బీచ్ పక్క తోటలో పులిహోర తినేలోపే అవి అయిపోయాయి. "నేను ముందే సెప్పేన్ కదా!" అని మావయ్య తోటంతా చాటింపు వేశాడు. నాన్న ఊళ్ళో కొట్టుకి వెళ్ళి కొత్త సెల్స్ తెచ్చి వేశారు.

అప్పటికి అమ్మ ఒడ్డున నిలబడి, వల లాగుతున్నవాళ్ళని చూస్తోంది. ఉన్నట్టుండి ఒక కెరటం వచ్చి మోకాళ్ళ దాకా తడిపేసింది. అమ్మ పకపకా నవ్వింది. నాన్న నొక్కేశారు.

"ఎందుకండీ తీసేరు? సెరిపెయ్యండి ముందు!" అమ్మకి నిజంగానే కోపం వచ్చింది.

"సూసి సెప్పు. నువ్వు కాదంటే సెరిపేద్దాం" అని నాన్న కెమెరా అమ్మ చేతికిచ్చారు.

నేను అమ్మ పక్కకి పరిగెత్తాను. ఇదీ చెరిపేస్తే అమ్మ ఇంక జన్మలో ఫోటోకి దొరకదని నాకు తెలుసు. అమ్మ ఎండ పడకుండా కొంగు అడ్డం పెట్టుకుని తెరలోకి చూసింది. ఆ రంగే, ఆ నవ్వే, గాలికి చెదిరిన ఆ జుట్టే... చాలాసేపు చూసింది.

"ఇది నేనే కదేటండీ!" అంది. తర్వాత మెల్లగా, తనలో తను, "బాగానే ఉన్నాను..." అనుకుంది.

అని, నన్ను దగ్గరికి లాక్కుని, "మా ఇద్దర్నీ కలిపి ఒకటి తియ్యండి" అంది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ మాటల్లో చెప్పలేను.

ఇప్పుడు ఫోన్ లేని చెయ్యి లేదు, ఫోటో తియ్యని పూట లేదు. మొన్న సెల్ఫీ తీసుకుంటే నా ఫోన్ నన్నడక్కుండానే తెల్లగా, నున్నగా చేసి పెట్టింది. అందరూ బాగుందన్నారు. నాకు మాత్రం అందులో అమ్మ పోలిక కనపడక దిగులేసింది... కూర్చుని, ఆ సెట్టింగేదో వెతికి తీసేసి, మళ్ళీ తీసుకున్నాను. హమ్మయ్య... అమ్మ వచ్చేసింది.

మీ ఇంట్లో ఫోటో అనగానే పారిపోయేది ఎవరు? వాళ్ళు దొరికిపోయిన ఫోటో ఉంటే కింద కామెంట్లలో పెట్టండి... దిద్దకుండా, ఉన్నదున్నట్టు.