పొట్టేలు పడిందన్నారు

మా ఆయన పేరు జనార్దనరావు. ఏనాడూ నోటితో పిలవని పేరు. ఇప్పుడు రాస్తుంటే చెయ్యి ఆడడం లేదు.

మాది రేపల్లె దగ్గర. మా అమ్మాయి గీతిక ఇంకా బడిలో చేరని రోజుల్లో మెల్‌బోర్న్ వచ్చి ట్రుగనీనాలో ఇల్లు కట్టుకున్నాం. ఆయన ఒక ప్యాకింగ్ ఫ్యాక్టరీలో మెషీన్లు బాగుచేసే ఇంజనీరు. ఏదైనా పాడైతే, ఎందుకు పాడైందో తెలిసేదాకా ఆయనకి అన్నం సయించేది కాదు. ఒకసారి మా వాషింగ్ మెషీన్ ఆగిపోయి, దానంతటదే తిరగడం మొదలుపెట్టింది. నేను హమ్మయ్య అనుకున్నాను. ఆయన మాత్రం దాన్ని విప్పి హాలంతా పరిచారు.

"తిరుగుతోందిగదండీ, ఇంకా ఎందుకు?" అన్నాను.

"ఎందుకు తిరుగుతోందో తెలియకపోతే రేపు ఎందుకు ఆగిందో ఎలా తెలుస్తుందోయ్?" అన్నారు.

కాలేజీలో ఎన్‌సీసీలో ఉన్నప్పుడు తుపాకీ కాల్చారట. ఆ ముచ్చట నడివయసులో ఇక్కడ తీరింది. మెల్టన్ దాటాక గడ్డిమేట్ల మధ్య ఒక పిస్టల్ క్లబ్బు ఉంది. అందులో చేరి, పోలీసుల లైసెన్సు తెచ్చుకుని, మాగ్నమ్ రివాల్వరు కొన్నారు. ఇనప బీరువాని గ్యారేజీ నేలకి బోల్టులతో బిగించి దాన్ని అందులో పెట్టారు. తాళంచెవి ఎప్పుడూ ఆయన దగ్గరే. నేను దాన్ని ముట్టుకోనేలేదు.

వాళ్ళ ఆట మనుషుల బొమ్మల మీద కాదు. ఉక్కురేకుతో కోసిన కోడి, పంది, టర్కీకోడి, అన్నిటికన్నా దూరంగా పొట్టేలు. గుండు తగిలితే చాలదు, బొమ్మ వెనక్కి పడాలి. పొట్టేలు బరువైనది. గుండు వేగంగా వెళితేనే పడుతుంది, లేకపోతే టంగుమని మోగి అలాగే నిలబడుతుంది. ఆయన కొన్న గుళ్ళు వాడేవారు కాదు. కాల్చిన ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి, గ్యారేజీలో బల్లకి బిగించిన ప్రెస్సు మీద మళ్ళీ మందు నింపి గుండు కూర్చేవారు. తన చేత్తో కూర్చిన గుళ్ళతో పొట్టేళ్ళన్నీ వరసగా పడగొట్టాలన్నది ఆయన కోరిక. ఇంతకు మించిన పెద్ద కోరిక ఆయన కోరడం నేను వినలేదు.

ఆ ఇత్తడి గొట్టాలు తోమడం నా పని. దేవుడి సామాన్లు తోమినట్టే చింతపండుతో తోమి, కడిగి, ఎండలో బట్ట మీద పరిచేదాన్ని. బంగారంలా మెరిసేవి. ప్రెస్సుకి ఏటా దసరాకి ఆయుధ పూజ చేసేదాన్ని. మీటకి పసుపు రాసి, అది పూర్తిగా కిందికి వచ్చి ఆనే చోట కుంకుమ బొట్టు పెట్టేదాన్ని. ఆయన మర్నాడు గుళ్ళు కూర్చడానికి కూర్చుంటే మీట వచ్చి తగిలి బొట్టు చెరిగిపోయేది. "నీ బొట్టు అరగంట కూడా ఉండదోయ్" అని నవ్వేవారు.

ఒక ఏడు దసరా వెళ్ళాక పొట్టేలు పడడం మానేసింది.

క్లబ్బుకి నేనూ వెళ్ళేదాన్ని, పులిహోర డబ్బా, టీ ఫ్లాస్కు పట్టుకుని. చెవులకి మూతలు పెట్టుకుని వెనక బెంచీ మీద కూర్చునేదాన్ని. టంగుమనేది, బొమ్మ మాత్రం కదిలేది కాదు. పాయింట్ కుక్ నుంచి వచ్చే హేమచంద్ర ఆయనకి అక్కడే స్నేహితుడయ్యాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నోరు ఊరుకోదు.

"అన్నా, ఆ పొట్టేలు నిన్ను చూసి నవ్వుతోంది" అనేవాడు.

"నవ్వనీరా. ఆదివారం దాని తలకాయ కూర నీకే."

"ఇట్లయితే క్రిస్మస్‌కి కూడా మనకి పప్పన్నమే."

గుండు వేగం చెప్పే పెట్టె ఒకటి ఉంటుంది. దాని ముందు నుంచి కాలిస్తే అంకె చూపిస్తుంది. చూస్తే వేగం బాగా తగ్గింది. పైగా ఒక గుండుకీ ఇంకో గుండుకీ పొంతన లేదు. కాల్చాక గొట్టంలో మండని మందు పలుకులు మిగిలిపోతున్నాయి.

ఇక ఆయనకి అన్నం సయించలేదు. మొదట ఆ పెట్టెనే అనుమానించి బ్యాటరీలు మార్చారు. హేమచంద్ర గుళ్ళు కాలిస్తే అది సరిగ్గానే చెప్పింది. మందు పాతబడిందేమోనని కొత్త డబ్బా తెచ్చారు. నిప్పు అంటించే చిన్న మూతలు మార్చారు. రివాల్వరు చక్రానికీ గొట్టానికీ మధ్య సందు పెరిగిందేమోనని సన్నటి రేకు పెట్టి కొలిపించారు, పెరగలేదు. ఏం చేసినా అంకె పెరగలేదు.

చివరికి అందరి కళ్ళూ నా చింతపండు మీద పడ్డాయి.

"వదినా, మీరు గొట్టాల్లో రసం గానీ పెట్టారా?" అన్నాడు హేమచంద్ర. "లోపల తడి ఉంటే మందు ఏం మండుతుంది?"

"మిరియాలు కూడా వేశాను, ఘాటుకి" అన్నాను.

ఆయన నవ్వలేదు. "రెండు రోజులు ఎక్కువ ఎండబెట్టి చూడు" అన్నారు నెమ్మదిగా. ఎండబెట్టాను. తరవాత చింతపండు మానేసి ఉత్త నీళ్ళతో కడిగాను. తేడా రాలేదు. ఆ తప్పు నా చింతపండుదే అయితే ఎంత బాగుండేదో.

ఒక ఆదివారం పొద్దున హేమచంద్ర మా గ్యారేజీకి వచ్చాడు. గుళ్ళు భూతద్దం కింద పెట్టి చూశాడు.

"అన్నా, గొట్టం మూతి దగ్గర నొక్కు చాలడం లేదు. మందు అంటుకునేదాకా గుండు పట్టు వదలకూడదు కదా. ఇది వదులుగా ఉండి ముందే జారిపోతోంది. అందుకే దమ్ము లేదు."

"మూతి నొక్కే అచ్చు నేనే బిగించానురా. రెండుసార్లు."

"సరే, జరుగు. అచ్చు ముట్టుకోను. నీ మందు, నీ గుండు, వదిన గొట్టాలు. మీట మాత్రం నేను లాగుతా."

ఆ రోజే క్లబ్బుకి వెళ్ళాం. పెట్టె చూపించిన అంకె చూసి హేమచంద్ర ఈల వేశాడు. ఆయన నేల మీద వెల్లకిలా పడుకుని, వాళ్ళ పద్ధతిలో రివాల్వరుని కాలికి ఆనించి పొట్టేలు మీద కాల్చారు. పొట్టేలు వెనక్కి పడింది. తరవాతదీ పడింది. హేమచంద్ర గెంతాడు, నేను చప్పట్లు కొట్టాను. ఆయన రివాల్వరు ఖాళీ చేసి పక్కన పెట్టారు. పొట్టేళ్ళ వైపు చూడనే లేదు, తన కుడిచెయ్యి కళ్ళ ముందు పెట్టుకుని చూసుకుంటున్నారు.

ఇంటికి రాగానే గ్యారేజీలోకి వెళ్ళి నన్ను పిలిచారు.

"ఇటు చూడు. నీ బొట్టు."

దసరాకి పెట్టిన కుంకుమ ఇవాళే చెరిగింది. పొద్దున హేమచంద్ర మీట లాగేదాకా అలాగే ఉంది, గుండ్రంగా, చెక్కు చెదరకుండా.

"నేను లాగితే మీట కిందికంటా రావడం లేదు కాత్యాయనీ. వచ్చిందనుకుంటున్నాను. చెయ్యి ముందే ఆగిపోతోంది."

ఆ మాట గీతిక వంటింట్లోంచి విన్నట్టుంది. గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "నాన్నా, యు'వ్ బీన్ డ్రాపింగ్ థింగ్స్. కాఫీ కప్పు. కార్ కీస్. వుయ్ షుడ్ సీ సమ్‌వన్" అంది. ఆయన సరేనని తలూపారు. ఎందుకు ఆగిందో తెలియడమే ఎప్పుడూ కావాలనుకున్న మనిషి. ఈసారి తెలిసింది.

నరాల డాక్టరు చాలా పరీక్షలు చేసి పెట్టిన పేరు నాకు నోరు తిరగలేదు. గీతిక తెలుగులో చెప్పబోయి ఏడ్చేసింది. చెయ్యి, తరవాత రెండో చెయ్యి, తరవాత మాట, మింగడం, ఊపిరి. వరస అదీ. మందు లేదు.

ఆయన గుళ్ళు తను కూర్చి పెడతానని హేమచంద్ర ఎన్నోసార్లు అన్నాడు.

"నీ చేత్తో కూర్చింది నీ పొట్టేలురా. నాది కాదు" అన్నారు ఆయన.

"పోనీ పులిహోర వదిన కలిపితే నీది కాదా? తినడం లేదూ?"

"అది వేరు."

"ఏం వేరు? మొండికెత్తడానికి కూడా లైసెన్సు ఉందా నీకు?"

ఆయన నవ్వారు. కానీ క్లబ్బుకి వెళ్ళడం మానేశారు.

మళ్ళీ దసరా వచ్చింది. ప్రెస్సుకి పసుపు రాసి, బొట్టు పెట్టాను. ఆయన కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. అప్పటికి మాట ముద్దగా వస్తోంది. "చెరపాలని ఉంది" అన్నారు.

హేమచంద్రని పిలిచాను. లైసెన్సున్న వాడు కనక మందు కొలవడం, గుండు నిలబెట్టడం అతను చేశాడు. నేను ఆయన కుర్చీ బల్ల దగ్గరికి జరిపి, ఆయన చెయ్యి మీట మీద పెట్టి, పైన నా చెయ్యి వేసి పట్టుకున్నాను. గీతికకి బియ్యంలో ఓనమాలు దిద్దించినప్పుడు ఆయన పట్టుకున్నట్టే. కిందికి లాగాం. నా బలమే ఎక్కువ. కానీ చివర, మీట ఆనబోయే చోట, నా అరచేతి కింద ఆయన వేళ్ళు ఒక్కసారి బిగిశాయి. అది నేను కల్పించుకోలేదు. రివాల్వరు నిండేటన్ని కూర్చాం. బొట్టు చెరిగి మీటకి ఎర్రగా అంటింది.

"కాల్చేది మాత్రం నువ్వురా" అన్నారు హేమచంద్రతో. "నావి. పడిందో లేదో చెప్పు."

శనివారం వెళ్ళి కాలుస్తానన్నాడు. ఆ శనివారం ఆయనకి ఊపిరి సరిగ్గా అందడం లేదు. ముక్కుకి గొట్టం. పొద్దుటినుంచీ నా ఫోను వైపే చూస్తున్నారు. మధ్యాహ్నం మోగింది. స్పీకరు పెట్టి ఆయన చెవి దగ్గర ఉంచాను.

"అన్నా! పడిందే! అన్నీ పడ్డాయి. అంకె చూసి ఇక్కడ ముసలాళ్ళు కూడా నోరు తెరిచారు!"

ఆయన కళ్ళు మూసుకున్నారు. పెదవి ఒక వైపు సాగింది. అది నవ్వని నాకు తెలుసు. ఆ వారం దాటలేదు.

కర్మలన్నీ అయ్యాక తుపాకుల డీలరు వచ్చి రివాల్వరు తీసుకువెళ్ళాడు. బీరువా తలుపు తెరిచే ఉంచాను, లోపల దాచడానికి ఏమీ లేదు కనక. ఒక రోజు హేమచంద్ర వచ్చి, టీ తాగకుండా అలాగే కూర్చున్నాడు.

"వదినా, ఆ శనివారం ఎండా గాలీ ఎక్కువని, నిప్పు భయంతో క్లబ్బు మూసేశారు. గేటు దగ్గర నుంచే ఫోన్ చేశాను. ఆయన ఎదురుచూస్తుంటే లేదని చెప్పడానికి నోరు రాలేదు. గుళ్ళు నా బీరువాలోనే ఉన్నాయి." కప్పు పక్కకి జరిపి అన్నాడు, "రేపు ఆదివారం క్లబ్బు ఉంది. మీరూ రండి. కాలుస్తాను. నా మాట నిజం చేస్తాను."

నాకు కోపం రాలేదు. ఆయన అయితే వెళ్దామనేవారు. తెలుసుకోవాలి కదోయ్ అనేవారు.

"వద్దు" అన్నాను.

"ఎందుకు వదినా?"

"పడిందనుకునే ఆయన వెళ్ళిపోయారు. ఇప్పుడు నువ్వు కాల్చి, అది పడకపోతే?"

టీ చల్లారిపోయింది. వేరే పెట్టి తెస్తానని లేచి వంటింట్లోకి వెళ్ళాను.