అన్నం ఉడికేలోగా ఒక జవాబు

అరవైల చివర, గజపతినగరంలో మా మరిది సర్వీసు కమిషన్ పరీక్షకు జవాబులు రాయడం సాధన చేసేవాడు. వయసు దాటిపోతోంది, అదే ఆఖరి అవకాశం. ఇంట్లో గడియారం లేదు కనుక, అన్నం ఉడికేలోగా ఒక జవాబు ముగించాలని పెట్టుకున్నాం.

“కలం దించు బాబూ, అన్నం ఉడికిపోనాది” అనేదాన్ని.

“ఒక్క ముక్క ఉన్నాది, అప్పుడే వార్సకు వదినా” అని బతిమాలేవాడు.

వానలు పట్టి కట్టెలు తడిశాయి. జవాబులు పెద్దవవుతుంటే ఇద్దరం మురిసిపోయాం.

పరీక్ష నుంచి వచ్చి గడపలో కూర్చున్నాడు. “ఐదు ప్రశ్నలకి మూడే రాసినాను వదినా. గంట కొట్టేసినారు.”

తడి కట్టెల మీద అన్నానికి రెట్టింపు సేపు పట్టిందని అప్పుడు తట్టింది. ఏడుపు రాలేదు. పొయ్యిని చూస్తూ నిలబడ్డాను.

ఇప్పుడు గ్యాసు మీద వండుతున్నా, అన్నం ఉడికిందని పైకి అనను.