చెరిపేసిన మాడ్యూల్ దించిన కత్తి

ఈ సంగతి లైనక్స్ గ్రూపులకు ఎన్నోసార్లు రాశాను. ఒకాయన "ముందు మాన్యువల్ చదువు" అన్నాడు. ఆయన పేరు నాకింకా గుర్తుంది. మిగతావాళ్లు ఆ మాత్రం కూడా అనలేదు. దెయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. అందుకే జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

మా అక్క భర్త అప్పారావు బావకు బిలాస్‌పూర్ రైల్వే కాలనీ పక్కన బైండింగ్ షాపు ఉండేది. కాగితాలు కోసే మిషన్‌ను ప్రింటర్ కేబుల్‌తో పాత కంప్యూటర్‌కు కలిపింది నేనే. నేను రాసిన ప్రోగ్రాము చెబితే కత్తి దిగుతుంది.

ఆ కంప్యూటర్‌ను నడిపే లైనక్స్ మొదలయ్యేటప్పుడు మాడ్యూల్స్ అనే చిన్న ప్రోగ్రాములను తనంతట తానే ఎక్కించుకుంటుంది. వాటిలో ప్రింటర్ మాడ్యూల్ మాకు అక్కర్లేదు. అది ఎక్కగానే కేబుల్‌లోకి ఏదో సంకేతం పోయి కత్తి ఒకసారి దిగేది. ఎక్కించవద్దని సెట్టింగుల్లో రాశాను. అయినా ఎక్కింది. చివరికి ఆ ఫైలునే చెరిపేశాను. స్టార్టప్ కోసం విడిగా ఉండే మాడ్యూల్స్ కాపీని కూడా అది లేకుండా మళ్లీ తయారుచేశాను. ఆ తర్వాత కొన్ని నెలలు కత్తి ఊరికే దిగలేదు.

విశ్వకర్మ పూజ నాడు మిషన్లు నడపరు. కడిగి, బొట్టు పెట్టి, దండ వేస్తారు. కత్తి పైనున్న లైటు వెలగాలని బావ మిషన్ మెయిన్ స్విచ్ వేసి ఉంచాడు. బావ వాళ్ల అన్న సింహాచలం పాటల కోసం కంప్యూటర్ ఆన్ చేయబోయాడు.

"ఇయ్యాల ముట్టకూడదు కదా పెద్ద బావా," అన్నాను.

"అచ్ఛా? టీవీ లాటి డబ్బా, ఇది మిషనేటిరా? దీనికి నువ్వు పూజారివేటి?"

బావ నవ్వాడు. "పెట్టనీరా, విశ్వకర్మ కూడా ఇంటాడు." అంటూనే కత్తి అంచుకు కుంకుమ బొట్లు పెడుతున్నాడు.

తెర మీద అక్షరాలు పరుగెత్తాయి. కత్తి దిగింది. బావ వేళ్లు నాలుగూ తెగి బల్ల మీద పడ్డాయి. దండలోని బంతిపూలు రక్తంతో తడిసిపోయాయి. బావ ఆ చేతిని చూసుకుంటూ నిలబడిపోయాడు.

పక్క షాపువాళ్లు అతన్ని ఆటో ఎక్కిస్తుంటే, ఏమేం ఎక్కాయో కంప్యూటర్‌లో చూశాను. చెరిపేసిన మాడ్యూల్ పేరు అక్కడుంది.

"నీ డబ్బా నా తమ్ముడి చెయ్యి తినీసిందిరా," అంటూ సింహాచలం ఇనప రాడ్డుతో నా భుజం విరగ్గొట్టాడు. తర్వాతి దెబ్బకు మానిటర్ పగిలింది. ఆ పైన నా పళ్లు రాలాయి.

భుజం అతుక్కున్నాక ఆ డిస్కును వేరే కంప్యూటర్‌లో పెట్టి వెతికాను. ఫైలు లేదు. స్టార్టప్ కాపీలోనూ లేదు. నేను రాసిన సెట్టింగు చెక్కుచెదరలేదు. మరి ఆ రోజు ఎక్కింది ఎక్కడినుంచో నాకీరోజుకీ తెలియదు.

ఆన్ చేసినవాణ్ని ఇంతవరకు ఎవరూ ఒక్క మాట అనలేదు. అక్క మాత్రం నన్ను గడప తొక్కనివ్వదు. డిస్కు నా దగ్గరే ఉంది. తెలిసినవాళ్లు వచ్చి చూడండి. "నా మొగుడి చెయ్యి నరికింది నువ్వేనా" అని అక్క అడుగుతోంది. నేను చెబితే నమ్మదు. మీలో ఎవరో ఒకరు ఆమెకు సమాధానం చెప్పాలి.