లోపలి నుంచి వేసుకునే గడియ

కెర్తు పాతికేళ్లు ఆసుపత్రి బట్టలు ఉతికే విభాగంలో పనిచేసింది. నెత్తురు, చీము, అంతకన్నా చెడ్డవి అంటిన దుప్పట్లను ముక్కు మూసుకోకుండా యంత్రాల్లో వేసింది. అలాంటి మనిషి వెయిక్కో అనేవాడి సోఫా మీద మాత్రం ముక్కు మూసుకుని పడుకునేది.

విడాకుల తర్వాత తాగుడు ముదిరింది. ముందు పని పోయింది, తర్వాత ఇల్లు పోయింది. హెల్సింకి చలిలో ఆడమనిషి బయట ఎక్కడ పడుకుంటుంది? పగలు గ్రంథాలయంలో పత్రిక అడ్డం పెట్టుకుని కునికేది. చీకటి పడితే ఎవడో ఒకడి సోఫా. వాళ్లలో వెయిక్కో మంచివాడని పేరు. అంటే కొట్టడు, అంతే. సోఫా ఇచ్చినందుకు వంట చేయించుకునేవాడు, అంట్లు తోమించుకునేవాడు, తాగిన రోజు ఆమె దుప్పట్లోకి దూరేవాడు. అతని మీసాలకు ఉప్పుచేప నూనె అంటుకుని ఉండేది. ఆమె గోడవైపు తిరిగి ఊపిరి బిగబట్టేది. వద్దంటే, "తలుపు అటుంది, వెళ్లు" అనేవాడు.

అది భరించలేక ఒక ఆశ్రయంలో చేరింది. అక్కడ రబ్బరు పరుపులు, వరసగా తడి బూట్లు, ఒకరి దగ్గు ఇంకొకరి మొహం మీద. గుమ్మంలో నోరు తెరిపించి వాసన చూసేవాళ్లు. తాగుడు మానితే పై మెట్టు, ఇంకా మానితే ఇంకో మెట్టు, చివరన ఇల్లు. కెర్తు పళ్లు బిగించి పై మెట్టుదాకా ఎక్కింది. అక్కడ తాత్కాలికంగా ఇచ్చిన గదిలోకి ఆశ్రయం తరఫున ఒకావిడ చెప్పాపెట్టకుండా వచ్చి ఫ్రిజ్ తెరిచి, సీసాలున్నాయేమోనని పాల డబ్బా వెనక చెయ్యి పెట్టి చూసేది. చెల్లెలిని పాతిపెట్టిన రోజు కెర్తు తాగింది. మర్నాడే మళ్లీ రబ్బరు పరుపు.

"ఇల్లు లేకే కదా తాగేది. తాగితే ఇల్లు లేదంటారు. ఇంతకీ మీరేం తాగుతున్నారు?" అని తనను వెనక్కి పంపిన అధికారిని మొహానే అడిగింది. అతను వరసలో తర్వాతి మనిషిని పిలిచాడు.

కొన్నేళ్లకు ఆ ఆశ్రయాన్నే మూసేశారు. పడకల హాళ్లను పగలగొట్టి, ఎవరి వంటగట్టు, ఎవరి స్నానాలగది వాళ్లకుండేలా గదులు కట్టారు. అక్కడ పనిలో కొత్తగా చేరిన హెల్కా అనే అమ్మాయి, ఉచిత భోజనశాలలో కెర్తు బఠాణీ సూపు తాగుతుండగా ఎదురుగా కూర్చుంది.

"మీకొక గది ఉంది."

"ఎన్నాళ్లు మానాలి?"

"మానక్కర్లేదండీ. అద్దె ఒప్పందం మీ పేరునే. అద్దె కట్టాలి, పక్కవాళ్లని సతాయించకూడదు. ఎవరికైనా అంతేగా."

"వాసన చూడ్డానికి ఎవరొస్తారు, నువ్వా?"

"మీరు తలుపు తీస్తే వస్తా. తియ్యకపోతే వెళ్లిపోతా."

"వేళాకోళానికి నేనే దొరికానా?" అని కెర్తు సూపులో చెంచా పడేసి లేచిపోయింది. వారం తిరక్కుండా వచ్చి సంతకం పెట్టింది.

కొత్త రంగు వేసినా గోడల్లోంచి పాత పాదాల కంపు వస్తున్నట్టే ఉండేది. రుద్ది రుద్ది కడిగింది. మొదట్లో మంచం మీద కాక గుమ్మం దగ్గర నేల మీద పడుకుంది, గడియ మీద చెయ్యేసి. తాగింది కూడా. ఎవరూ వచ్చి అడగలేదు.

మంచు కరిగి వీధులు బురదైన రోజుల్లో వెయిక్కో వచ్చాడు. అతని ఇల్లూ పోయింది.

"ఒసేయ్ కెర్తూ, నా సోఫా మర్చిపోయావా?"

రానిచ్చింది. పాత అలవాటు. అతను ఆమె కాఫీ కప్పులు కడుక్కునే తొట్టిలో కాళ్లు కడిగాడు. మధ్యాహ్నానికి మంచం పక్కన కక్కుకుని పడుకున్నాడు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని తుడుస్తుంటే, కాలి బొటనవేలితో ఆమె వీపు పొడిచి, "ఆ మూల వదిలేశావే" అన్నాడు.

అప్పుడు ఆమెకు అతని మీద కాదు, మోకాళ్ల మీదున్న తన మీద తనకే రోత పుట్టింది. లేచి ఆ తడిగుడ్డను అతని ఛాతీ మీద పడేసింది.

"లే. బయటికి."

"ఎక్కడికి పోనే?"

"తలుపు అటుంది."

అతను కదలకపోతే హెల్కాకు ఫోన్ చేసింది. హెల్కా వచ్చి, "ఆయన్ని నేను పంపిస్తాను. మీరు కాసేపు కింద కూర్చుంటారా?" అంది.

"నేనెందుకు కింద కూర్చుంటానమ్మాయ్? ఇది నా ఇల్లు."

వెయిక్కో బూట్లు చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు. ఆమె సాయంత్రందాకా తొట్టి తోముతూనే ఉంది.

ఆకులు రాలే కాలంలో హెల్కా మళ్లీ వచ్చి తలుపు తట్టింది. వెయిక్కో మెట్రో స్టేషన్‌లో పడుకుంటున్నాడట. పై అంతస్తులో గది ఖాళీ అయింది. "మీకు ఇబ్బందైతే వేరే చోట చూస్తాం, చెప్పండి."

"వాణ్ణి తలుచుకుంటేనే వాంతొస్తుంది."

"అయితే వద్దంటాను."

"తాగుడు మానాడా?"

"లేదు."

మానితేనే ఇవ్వండి అనే మాట కెర్తు నాలుక చివరిదాకా వచ్చింది. పాల డబ్బా వెనక చెయ్యి పెట్టినావిడ గొంతు తన నోట్లోంచి రాబోయిందనిపించి, ఆ మాటను చేదులా మింగేసింది.

"ఇవ్వండి. వాడికంటూ తలుపుంటే నా తలుపు కొట్టడు. నా అంతస్తులో మాత్రం వద్దు."

వెయిక్కో పైన చేరాడు. అతను లిఫ్టులో ఉంటే ఆమె ఎక్కదు. ఒకరోజు చెత్తడబ్బాల దగ్గర ఎదురుపడి, "గదంతా తుడిచాను, వచ్చి చూస్తావా?" అన్నాడు.

"నువ్వు తుడిచింది నేనేం చూడను?" అని కెర్తు చెత్త పడేసి, చేతులు దులుపుకుని లోపలికి వెళ్లింది.